ఇది శిలాజమా, ఉత్త రాయా? హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఖాజాగూడ గుట్ట ఎక్కి దిగినవాళ్ళు, ఇంటి పనికి బండలు దింపించుకున్నవాళ్ళు, సెలవులకి ఊరెళ్ళి చేలో ఏదో వింత రాయి ఏరుకొచ్చిన పిల్లలు ఫొటో పంపి అడిగేది ఒకటే: ఇది శిలాజమేనా? చాలాసార్లు కాదనే చెప్పాల్సి వస్తుంది. కానీ కాదని చెప్పి ఊరుకుంటే అడిగినవాళ్ళకి అన్యాయం చేసినట్టే. ఎందుకు కాదో, కాకపోతే మరేమిటో కూడా చెప్పాలి. అందుకే మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

హైదరాబాద్ బండల్లో శిలాజాలు దొరుకుతాయా?

దొరకవు. బంజారాహిల్స్, మౌలాలి, గోల్కొండ, గచ్చిబౌలి, ఎటు చూసినా మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైటే. భూమి లోపల చాలా లోతున కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడితే గ్రానైట్ అవుతుంది. అంత వేడిలో ఎముకా మిగలదు, ఆకూ మిగలదు. పైగా మన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అప్పటికి భూమ్మీద ఉన్నవి కంటికి కనపడని సూక్ష్మజీవులే. కంటికి కనిపించే జంతువుల ఆనవాళ్ళు సుమారు 57 కోట్ల ఏళ్ళ కిందటి నుంచే దొరుకుతున్నాయి.

కాబట్టి గులాబీ, తెలుపు, నలుపు గింజలు కలిసి మెరిసే రాయిలో చేప కనపడినా, పాము కనపడినా అది శిలాజం కాదు. చేపలా కనిపించే నల్ల మచ్చ సాధారణంగా గ్రానైట్ గట్టిపడేటప్పుడు అందులో చిక్కుకుపోయిన వేరే రాయి ముక్క. పాములా బండ మీదుగా పొడుగ్గా పోయే తెల్లటి చార, బండ చీలికలోకి తర్వాత ఎక్కిన శిలాద్రవం గట్టిపడి ఏర్పడిన సిర.

మరి అచ్చం తాబేలులా, గుడ్డులా ఉన్న బండల సంగతేంటి? ఎవరూ చెక్కకుండా అంత గుండ్రంగా ఎలా వస్తాయి?

గ్రానైట్‌లో నిలువుగా, అడ్డంగా పగుళ్ళుంటాయి. వాటిలోకి వాన నీళ్ళు దిగి రాయిని కొంచెం కొంచెంగా కుళ్ళబెడతాయి. నాలుగు పలకల దిమ్మెకి మూలలే ముందు అరుగుతాయి, ఎందుకంటే అక్కడ నీళ్ళు రెండు మూడు వైపుల నుంచీ తగులుతాయి. మూలలు పోయాక మిగిలేది గుండే. ఆ పైన పొరలు ఉల్లిపాయ పొట్టులా ఊడుతూ పోతాయి. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వానలకి కొట్టుకుపోతే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్లు బయటపడతాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న పుట్టగొడుగు బండ కూడా ఇలా రాయి అరిగి తయారైందే.

శిలాజం కాకపోయినా ఆ బండలు విలువైనవి. 250 కోట్ల ఏళ్ళ రాయిని ప్లాట్ చదును కోసం ఒక్క మధ్యాహ్నంలో పేల్చేస్తుంటే చూడటానికి నిజంగా బాధగా ఉంటుంది.

అయితే ఏ రాయిలో వెతకాలి?

బురద, ఇసుక, సున్నం పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాళ్ళలో. అంటే బురదరాయి, ఇసుకరాయి, సున్నపురాయి. లావా రాయి అయిన బసాల్ట్‌లో సాధారణంగా ఉండవు, రెండు లావా పొరల మధ్య చెరువు మట్టి చిక్కుకుంటే మాత్రం ఉంటాయి. నా లెక్కలో ఆకారం చివర చూడాల్సిన సంగతి. ముందు ఇది ఏ రాయి, తర్వాత ఏ ఊరి నుంచి, ఏ పొరలోంచి వచ్చింది, ఆ తర్వాత లోపలి నిర్మాణం ఎలా ఉంది. ఇవన్నీ కుదిరితేనే ఆకారం గురించి మాట్లాడాలి. మనలో చాలామంది ఆకారంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మేఘంలో కూడా మొహాలు వెతుక్కునే కళ్ళు మనవి.

మా వాకిట్లో పరిచిన షాబాద్ బండ మీద నల్లటి చెట్టు బొమ్మ ఉంది. కొమ్మలు, రెమ్మలు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇది కూడా శిలాజం కాదంటారా?

ఇంతగా నమ్మించే రాయి ఇంకోటి లేదు. మీరు నమ్మడంలో తప్పేం లేదు. అయినా అది మొక్క కాదు.

ఈ చెట్టు బొమ్మల్ని డెండ్రైట్లు అంటారు. సున్నపురాయి పలకల మధ్య సన్నటి సందు ఉంటుంది. మాంగనీసు, ఇనుము కరిగిన నీరు ఆ సందులోకి చేరుతుంది. నీరు పోయాక ఆ లోహాల ఆక్సైడులు పలక మీద మిగిలి, అంచు నుంచి లోపలికి చీలుతూ, మళ్ళీ చీలుతూ పాకుతాయి. చూస్తే ఫెర్న్ మొక్కని పుస్తకంలో పెట్టి నొక్కినట్టే ఉంటుంది.

ఒక భూతద్దం తీసుకుని దగ్గరగా చూడండి. మొదట, అది ఎక్కడ మొదలైందో చూడండి. చాలావరకు బండ అంచు నుంచో, ఒక పగులు గీత నుంచో బయల్దేరుతుంది. వేరు కనపడదు, కాండం కూడా విడిగా ఉండదు. తర్వాత కొమ్మలు చూడండి. నిజమైన మొక్క నలిగి పడితే ఒక ఆకు ఇంకో ఆకు మీద పడుతుంది, ఒక రెమ్మ మడత పడుతుంది, ఒకటి విరిగి పక్కకి పోతుంది. డెండ్రైట్‌లో కొమ్మ మీద కొమ్మ పడదు. రెండు కొమ్మలు దగ్గరికి వచ్చి, ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఇక ఆకు మధ్యలో ఈనె ఉందా, దాని నుంచి చిన్న ఈనెలు ఒక పద్ధతిలో వెళ్తున్నాయా? ఇందులో అవేవీ ఉండవు. కొమ్మ చివర నల్లటి గింజల్లాంటి చుక్కలే కనిపిస్తాయి.

వీటన్నిటికీ మించిన ఆధారం రాయి వయసు. తాండూరు, షాబాద్ వైపు బండలు భీమా బేసిన్ సున్నపురాయి. ఆ సున్నం పేరుకున్న కాలానికి ఆకులున్న మొక్కలు ఇంకా పుట్టలేదు. లేని మొక్క ముద్ర ఎలా పడుతుంది?

ఆ బండని తిరగేసి పరిచేయకండి. అంత అందమైన బొమ్మ అందరి వాకిట్లో ఉండదు.

కడప వైపు రాళ్ళలో గుండ్రటి పొరలున్నవి శిలాజాలేనని విన్నాను. నిజమేనా?

నిజం. అవి స్ట్రొమటొలైట్లు. వేంపల్లె దగ్గర డోలమైట్ రాయిలో బాగా కనిపిస్తాయి. లోతు తక్కువగా ఉన్న సముద్రంలో సూక్ష్మజీవుల జిగురు చాపలు సున్నాన్ని, బురదని పట్టి ఉంచి పొర మీద పొరగా పైకి పెరగడం వల్ల వచ్చిన గుబ్బలవి. అడ్డంగా కోస్తే ఒకదాంట్లో ఒకటి వలయాలు కనిపిస్తాయి, నిలువుగా కోస్తే పైకి ఉబ్బిన పొరలు కనిపిస్తాయి. మామూలు పొరలు వంగినా గుబ్బలా అనిపించొచ్చు కాబట్టి ఒక్క ముక్క చూసి తేల్చడం కష్టం. ఉన్నచోటే, పెద్ద బండలో చూడాలి.

పొలంలో గుండ్రటి రాయి దొరికింది. డైనోసార్ గుడ్డు అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

వాట్సాప్‌లో ఎక్కువగా తిరిగేది ఇదే. 2020 అక్టోబరులో తమిళనాడు పెరంబలూరు జిల్లాలో చెరువు తవ్వుతుంటే పెద్ద పెద్ద గుండ్లు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లంటూ ఫొటోలు దేశమంతా తిరిగాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు చూసి అవి గుడ్లు కావని తేల్చారు. సముద్రపు బురదలో ఒక గింజ చుట్టూనో, గుల్ల చుట్టూనో ఖనిజం పేరుకుని గట్టిపడితే ఏర్పడే గడ్డలవి. వీటిని కాంక్రీషన్లు అంటారు. ఒక్కోసారి లోపల అమ్మొనైట్ అనే సముద్రజీవి గుల్ల దొరుకుతుంది కూడా. అంటే గుడ్డు కాకపోయినా లోపల శిలాజం ఉండొచ్చు.

నిజమైన గుడ్డుకి పెంకు ఉండాలి, అదే అసలు పరీక్ష. మన దేశంలో దొరికిన పెద్ద శాకాహార డైనోసార్ల గుడ్లు సుమారు 15 సెంటీమీటర్లు, ఆ పైన అడ్డకొలత ఉంటాయి, పెంకు మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. పగిలిన అంచు చూస్తే లోపలి రాయికీ, పెంకుకీ రంగులో, గట్టిదనంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. పెంకు పైన చిన్న చిన్న బొడిపెలు, గాలి రంధ్రాలు ఉంటాయి. కాంక్రీషన్‌కి ఇవేవీ ఉండవు, లోపలా బయటా ఒకటే రాయి. అరిగిన బసాల్ట్ గుండైతే పొర ఊడినకొద్దీ ఇంకో పొర వస్తుంది. పెంకు ఒక్కటే ఉంటుంది, పొరలు పది రావు.

ఇంకో సంగతి, గుడ్లు చాలావరకు గుంపుగా దొరుకుతాయి. 2023 జనవరిలో వెలువడిన పరిశోధనలో మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో 92 గూళ్ళు, వాటిలో 256 గుడ్లు నమోదు చేశారు. అదే జిల్లాలో పాడల్య ఊరివాళ్ళు తరతరాలుగా కాకర్ భైరవుడని పూజించుకుంటున్న గుండ్రటి రాళ్ళు డైనోసార్ గుడ్లని లక్నో బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించినట్టు 2023 డిసెంబరులో వార్తలొచ్చాయి. ఊరివాళ్ళు పూజించబట్టే అవి పగలకుండా ఇన్నాళ్ళు మిగిలాయి. అది గౌరవించాల్సిన సంగతి.

ఎముకలాంటి రాయి దొరికింది. ఎముకా, రాయా?

విరిగిన చోట చూడండి. ఎముకకి బయట గట్టి గోడ ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ చిన్న చిన్న గదులు, సన్నటి పలకలు ఒక అల్లికలా ఉంటాయి. ఈ గోడ నుంచి అల్లికకి మారే తీరు రాయిగా మారాక కూడా చాలావరకు మిగులుతుంది. లక్షల ఏళ్ళు మట్టిలో ఉండి రంగు గోధుమో, నలుపో, ఎరుపో అవుతుంది తప్ప తెల్లగా ఉండాలనేం లేదు. చాలా తెల్లగా, తేలిగ్గా ఉంటే అది నిన్నమొన్నటి పశువు ఎముక అయ్యే అవకాశమే ఎక్కువ.

మన చుట్టుపక్కల ఎముకని తలపించేవి ప్రధానంగా మూడు. ఒకటి, చేవెళ్ళ, వికారాబాద్ వైపు నల్లరేగడి కింద దొరికే తెల్ల సున్నపు గడ్డలు. వేళ్ళ చుట్టూ సున్నం పేరుకోవడం వల్ల కొన్ని పొడుగ్గా, మధ్యలో బోలుగా ఉండి అచ్చం కాలి ఎముకలా ఉంటాయి. దాని మీద కొంచెం వెనిగర్ వేస్తే బుసబుసమని పొంగుతుంది, అంటే సున్నం. ఎముక ఖనిజం అలా పొంగదు. ఎముక గదుల్లోకి తర్వాత సున్నం చేరి ఉంటే మాత్రం అదీ పొంగొచ్చు కాబట్టి ఈ పరీక్ష ఒక్కదాన్నే పట్టుకోకండి. నిజమైన శిలాజమని అనుమానం ఉన్న ముక్క మీద అసలు వెయ్యొద్దు.

రెండు, చిట్టెం. తెలంగాణ ఊళ్ళలో ఒకప్పుడు ఇనుము కరిగించిన చోట్ల ఇంకా కుప్పలుగా ఉంటుంది. దాన్నిండా బుడగల రంధ్రాలుంటాయి, బరువుగా ఉంటుంది, ఒకవైపు గాజులా మెరుస్తుంది. ఈ రంధ్రాలు ఒక్కోచోట ఒక్కో సైజులో, పద్ధతీ పాడూ లేకుండా ఉంటాయి. ఇది శిలాజం కాదు గానీ మన పాత కమ్మరుల పనికి సాక్ష్యం, పారేయకండి.

మూడు, జహీరాబాద్, వికారాబాద్ వైపు ఎర్రటి లాటరైట్. దాని గుల్ల రంధ్రాలు చూసి ఎముక, పగడం, తేనెపట్టు అని రకరకాలుగా అనుకుంటారు. ఎండా వానా రాయిని అరగదీసి ఇనుము మిగిల్చిన రూపం అది.

నాలుకకి అంటించి చూడమంటారు, అంటుకుంటే ఎముకట. నిజమా?

సన్నటి రంధ్రాలుంటే తడిని పీల్చి అంటుకుంటుంది, అది నిజమే. కానీ సుద్దరాయి అంటుకుంటుంది, కొన్ని బంకమట్టి రాళ్ళూ అంటుకుంటాయి. పిల్లల చేత మాత్రం చేయించకండి. రోడ్డు పక్కన, పొలంలో దొరికిన రాయి మీద ఏ మందు పడిందో ఎవరికి తెలుసు?

చెట్టు మొద్దు రాయిగా మారినట్టుంది. చారలన్నీ కనిపిస్తున్నాయి.

గోదావరి లోయలో రాయిగా మారిన చెక్క నిజంగానే దొరుకుతుంది, కాబట్టి ఈ అనుమానం కొట్టిపారేసేది కాదు. చెక్కలోకి సిలికా చేరి కణాల ఆకారాన్ని అలాగే నిలబెడుతుంది. కోసిన అడ్డ ముఖాన్ని తడిపి భూతద్దంతో చూస్తే సన్నటి కణాలు వరుసలు కట్టి కనిపించాలి. వలయాలు బయటి బెరడుకి సమాంతరంగా వెళ్ళాలి.

మోసం చేసేది అగేటు. బసాల్ట్‌లో గాలి బుడగలు మిగిల్చిన ఖాళీల్లో సిలికా పొరలుగా నిండితే వలయాలు వస్తాయి. అవి ఖాళీ గోడ ఎటు వంగితే అటే వంగుతాయి, మధ్యలో ఒక్కోసారి స్ఫటికాలుంటాయి. కణాలు ఎక్కడా కనపడవు. నిలువు చారలు మాత్రమే ఉంటే అది నైస్ (gneiss) అనే, వేడికీ ఒత్తిడికీ మారి చారలు పడ్డ రాయి కూడా కావచ్చు.

గుట్ట మీద పాదముద్రలు ఉన్నాయి. రాక్షస జంతువులవా?

గ్రానైట్ గుట్ట మీద అయితే కావు. అడుగు పడాలంటే మెత్తటి బురద కావాలి, గ్రానైట్ ఏనాడూ బురద కాదు. నీళ్ళు నిలిచి నిలిచి రాయి తిన్న గుంటలవి. సీతమ్మ పాదాలనో, భీముడి పాదాలనో ఊరివాళ్ళు మొక్కే చోట నేను ఈ వాదన పెట్టను. వాళ్ళు అక్కడికి శిలాజం కోసం రావడం లేదు.

మా పూజగదిలో ఉన్న సాలగ్రామం శిలాజమేనా?

చక్రం గుర్తున్న సాలగ్రామాల్లో చాలావాటిలో ఉన్నది అమ్మొనైట్ శిలాజమే. నేపాల్‌లో కాళీ గండకి నది ఒడ్డున దొరికే ఈ నల్లరాళ్ళు జురాసిక్ కాలపు సముద్రపు బురదలో పుట్టిన గడ్డలు. ఆ సముద్రపు అడుగే తర్వాత హిమాలయాలుగా లేచింది. అమ్మొనైట్లు డైనోసార్లతో పాటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట అంతరించిపోయాయి. అన్ని సాలగ్రామాల్లోనూ శిలాజం ఉండదు, కొన్ని గుండ్రటి గడ్డలు మాత్రమే.

నిజమైన చక్రంలో చుట్టు లోపలికి పోయేకొద్దీ క్రమంగా సన్నబడుతుంది, దాని మీద అడ్డంగా గట్లు ఉంటాయి, విరిగిన చోట గదుల గోడలు కనిపిస్తాయి. చెక్కిన దానిలో గీత లోతు అంతటా ఒకేలా ఉంటుంది, ఉలి గుర్తులు తెలుస్తాయి. పెద్దవాళ్ళ కాలం నుంచి ఇంట్లో ఉన్న మూర్తిని దీనికోసం గీకి చూడొద్దు. పూజకి ఈ పరీక్షతో పని లేదు.

గోమతి చక్రాల గురించి కూడా అడుగుతుంటారు. అవి శిలాజాలు కావు. సముద్రపు నత్త లోపలికి ముడుచుకున్నాక గుల్ల నోటిని మూసుకునే మూత అది.

హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో వెళ్ళి నిజమైన శిలాజాలు చూడగలిగే చోటు ఉందా?

ముందు నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్ళండి. అక్కడి కోటాసారస్ మన పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన జురాసిక్ డైనోసార్. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ తవ్వి తీసింది, 1988లో పి. యాదగిరి దానికి శాస్త్రీయ నామం పెట్టారు. తల భాగం దాదాపు దొరకలేదు. ఎంత పెద్ద తవ్వకంలోనైనా అస్థిపంజరం మొత్తం దొరకడం అరుదని అక్కడే అర్థమవుతుంది. వెన్నుపూసల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. ఎముక ఉపరితలం ఎలా ఉంటుందో కళ్ళకి అలవాటైతే ఆ తర్వాత రాళ్ళు మిమ్మల్ని తేలిగ్గా మోసం చేయలేవు.

ఇక వికారాబాద్ వైపు దక్కన్ లావా పొరల మధ్య చెరువు మట్టి పొరలున్నాయి. రంగాపూర్, నస్కల్ పేర్లు శాస్త్ర గ్రంథాల్లో కనిపించేది వీటి వల్లే. నస్కల్‌లో దొరికిన అతి చిన్న పళ్ళ ఆధారంగా 1988లో ప్రసాద్, సాహ్ని డైనోసార్ల కాలపు క్షీరదాన్ని వర్ణించారు. దాని పేరు దక్కనోలెస్టిస్. మన దేశంలో క్రెటేషియస్ కాలపు క్షీరదం బయటపడటం అదే మొదలు. పళ్ళు ఎంత చిన్నవంటే మట్టిని జల్లెడ పట్టి, మైక్రోస్కోపు కింద ఏరాలి.

మామూలు కంటికి కనిపించేది ఫైసా అనే మంచినీటి నత్త. చెర్ట్ అనే గట్టి, బూడిదరంగు సిలికా రాయిలో దొరుకుతుంది. మొన వైపు పైకి ఉంచి, నోరు మీ వైపు తిప్పి పట్టుకోండి. చాలా నత్తలకి నోరు కుడి వైపు ఉంటుంది. ఫైసాకి ఎడమ వైపు. ఏ గులకరాయీ, ఏ ఖనిజమూ ప్రతి ముక్కలోనూ ఇలా ఎడమకే తిరగదు. ఒకే రకం కొలతలు, ఒకే తిప్పు మళ్ళీ మళ్ళీ కనిపించడం జీవి ఉందనడానికి బలమైన గుర్తు.

సింగరేణి బొగ్గులో?

బొగ్గు కంటే దాని పైనా కిందా ఉండే బురదరాయి పలకల్లో చూడాలి. గ్లోసోప్టెరిస్ అనే, ఎప్పుడో అంతరించిన చెట్టు ఆకు ముద్రలు వాటిలో దొరుకుతాయి. నాలుక ఆకారం, మధ్యలో ఈనె, దాని రెండు వైపులా వలలా కలిసే చిన్న ఈనెలు. డెండ్రైట్ పక్కన పెట్టి చూస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. గనిలోకి, ఓపెన్‌కాస్ట్‌లోకి అనుమతి లేకుండా వెళ్ళొద్దు.

నిపుణులు కూడా పొరపడతారా?

పడతారు. 2021లో భోపాల్ దగ్గరి భీంబేట్కా గుహల్లో డికిన్సోనియా అనే అతి పురాతన జంతువు శిలాజం గుర్తించామని గ్రెగరీ రెటాలక్ బృందం ప్రకటించింది. ప్రపంచమంతా వార్త అయింది. 2023లో జోసెఫ్ మీర్ట్ బృందం అక్కడికే వెళ్ళి దగ్గరగా చూస్తే అది రాయిలో భాగం కానేకాదు, గోడకి అంటుకుని ఎండిపోయిన తేనెపట్టు అవశేషం. రాయి నుంచి పెచ్చులుగా ఊడుతోంది, లోపల తేనెపట్టు గదులు కనిపించాయి. రెటాలక్ కూడా దాన్ని ఒప్పుకున్నారు. సైన్స్ అలా నడవాలి.

అంతకంటే చేదు సంగతి ఇంకొకటుంది. ఎక్కడెక్కడి శిలాజాలనో హిమాలయాల్లో దొరికాయని మన దేశ ప్రొఫెసర్ ఒకరు ఏళ్ళ తరబడి పరిశోధన పత్రాలు వేశారని 1989లో జాన్ టాలెంట్ ‘నేచర్’ పత్రికలో బయటపెట్టారు. ఎక్కడ దొరికిందన్న సమాచారం అబద్ధమైతే నిజమైన శిలాజం కూడా చెత్తే.

ఆన్‌లైన్‌లో కొన్న ట్రైలోబైట్ అసలైనదేనా?

ట్రైలోబైట్ అంటే ఎప్పుడో అంతరించిన సముద్రజీవి. కొన్నదాన్ని అనుమానంతోనే చూడండి. మొరాకో నుంచి వచ్చేవాటిలో రెసిన్‌తో పోసినవి చాలా తిరుగుతుంటాయి. బుడగ రంధ్రాలు, రాయికీ శిలాజానికీ ఒకటే రంగు, పది ముక్కలూ ఒకే అచ్చులా ఉండటం ఇలాంటి నకిలీల లక్షణాలు.

యాప్‌లో ఫొటో పెడితే శిలాజమని చెప్పింది.

యాప్‌కి కనిపించేది ఆకారమే. రాయి ఏదో, ఊరేదో దానికి తెలియదు.

నిజంగానే శిలాజమనిపిస్తే ఏం చేయాలి? ఇంటికి తెచ్చుకోవచ్చా?

కదపకండి. ముందు ఉన్నచోటే ఫొటోలు తీయండి: దూరం నుంచి పొర మొత్తం కనిపించేలా ఒకటి, దగ్గర నుంచి పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఒకటి, విరిగిన అంచుది ఒకటి. ఎండ ఏటవాలుగా పడే పొద్దునో, సాయంత్రమో తీస్తే గట్లు, గుంటలు బాగా తెలుస్తాయి. ఊరు, తేదీ, ఫోన్‌లో లొకేషన్ రాసి పెట్టుకోండి.

అడవిలో, ముఖ్యంగా కవ్వాల్ లాంటి రక్షిత ప్రాంతాల్లో, రాయి కూడా తీయకూడదు. శిలాజాల రక్షణ కోసం గనుల శాఖ 2022 చివర్లో ఒక ముసాయిదా బిల్లు ప్రజల ముందు పెట్టింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, పొరలోంచి పెకలించిన ముక్క చెప్పగలిగింది సగమైనా ఉండదు. ఆ ఫొటోలు, వివరాలు తీసుకుని బండ్లగూడలోని భూవైజ్ఞానిక సర్వేక్షణ కార్యాలయానికో, ఉస్మానియా యూనివర్సిటీ జియాలజీ విభాగానికో వెళ్ళండి. ఇప్పటికే ఇంటికి తెచ్చేసి ఉంటే కడగకండి, వార్నిష్ పూయకండి. అంటుకున్న మట్టితో సహా పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, ఊరి పేరు రాసిన చీటీ లోపలే పెట్టి తీసుకెళ్ళండి.